బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కతోలిక కుటుంబం

రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాఁకి’ అనే కథాకవిత ఒకటి ఉంది. జబ్బుపడిన భార్య బినును గాలిమార్పు కోసం తీసుకొనిపోతున్న భర్త బిలాస్‌పూర్ స్టేషనులో బండి మారవలసి వస్తుంది. తరువాతి బండికి ఆరు గంటల వ్యవధి. ఆ విరామంలో స్టేషను కూలీ భార్య రుక్మిణి తన కూతురి పెండ్లికి ఇరవై అయిదు రూపాయలు తక్కువపడ్డాయని బినుతో చెప్పుకొంటుంది. ఆ సొమ్ము ఇచ్చిరమ్మని బిను భర్తను కోరుతుంది. అతడు భార్య ఎదుట సరేనంటాడు. చాటుకు పోయి రుక్మిణిని గద్దించి, రెండు రూపాయలతో సరిపెడతాడు. రెండు నెలలకే బిను కన్నుమూస్తుంది. తన భర్త మాట నిలుపుకొన్నాడన్న తృప్తితోనే ఆమె వెళ్ళిపోతుంది. ఆ ఋణం తీర్చుకొందామని మళ్ళీ బిలాస్‌పూరుకు వచ్చిన భర్తకు రుక్మిణి జాడ చెప్పగలవారు ఎవరూ దొరకరు. కూలీ కుటుంబం ఎటో వెళ్ళిపోయింది.

ఒక రైల్వే పట్టణం స్వభావాన్ని ఇంతకంటె క్లుప్తంగా చెప్పిన రచనలు తక్కువ. అక్కడ మనుషులు వస్తారు, పోతారు. బదిలీ ఉత్తరువు వచ్చిన నెలలోపు ఇల్లు ఖాళీ అవుతుంది. ఇరుగుపొరుగు మారిపోతారు. తాత సమాధి ఒక ఊరిలో, తండ్రి ఉద్యోగం మరొక ఊరిలో, పిల్లల చదువు ఇంకొక ఊరిలో సాగుతాయి. ఇట్టి చోట కుటుంబం కుటుంబంగా ఎట్లా నిలిచింది? భార్యాభర్తల మధ్య మాట, తలిదండ్రుల నుండి బిడ్డలకు అందవలసిన విశ్వాసం, మాతృభాష వేటి ఆధారంతో నిలదొక్కుకొన్నాయి? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వెంట తెలుగుసీమ నుండి తరలివెళ్ళిన జనంలో ఒక చిన్న పాయ అయిన కతోలిక కుటుంబాల చరిత్ర ఈ ప్రశ్నలకు కొంత సమాధానం ఇస్తుంది.

ఊరు, రైలు

అర్పా నది ఒడ్డున వెలసిన బిలాస్‌పూరుకు ఆ పేరు బిలాసా అనే జాలరి వనిత వలన వచ్చిందని జనశ్రుతి. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదం వరకు అది వరి పొలాల నడుమ ఉన్న ఒక జిల్లా కేంద్రం మాత్రమే. 1880ల తొలి సంవత్సరాలలో నాగ్‌పూర్ నుండి రాజ్‌నాంద్‌గావ్ వరకు మీటరుగేజి మార్గం ఏర్పడింది. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఆ మార్గాన్ని తీసుకొని, బ్రాడుగేజిగా మార్చి, తూర్పుదిశగా పొడిగించింది. 1891 నాటికి నాగ్‌పూర్ – అసన్‌సోల్ మార్గం పూర్తి అయింది. ఉమరియా బొగ్గు గనుల మీదుగా కట్నీకి పోయే శాఖ కలియడంతో బిలాస్‌పూర్ జంక్షను అయింది.

జంక్షను అయిన చోట ఊరు రెండవుతుంది. పాత ఊరు ఒక పక్క, రైల్వే కాలనీ మరొక పక్క. కాలనీలో అధికారుల బంగళాలు, వాటికి దూరంగా గార్డులు, డ్రైవర్ల ఇళ్ళు, మరింత దూరంగా ఖలాసీలు, గ్యాంగు మనుషుల వరుస క్వార్టర్లు. ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్, బుధవారపు సంతగా మొదలై నేటికీ బుధ్‌వారీ బజారుగానే పేరున్న అంగడి. ఉద్యోగి హోదాను బట్టి అతని ఇంటి గదుల సంఖ్య, ఇంటి సంఖ్యను బట్టి అతని హోదా తెలిసిపోయే పట్టణం అది.

తెలుగువారు ఇక్కడికి రావడానికి కారణం తూర్పు తీరపు రైలుమార్గం. 1893 – 1896 నడుమ విజయవాడ నుండి కటక్ వరకు ఆ మార్గం వేశారు. తరువాత, 1901 – 1902లలో వాల్తేరుకు దక్షిణభాగం మద్రాసు రైల్వేకు, ఉత్తరభాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు చెందాయి. ఆ విధంగా విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పనివారికి ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, నాగ్‌పూర్ ఒకే యజమాని క్రింది ఊళ్ళు అయ్యాయి. విజయనగరం – రాయపూర్ మార్గం 1931లో పూర్తి కావడంతో, అంతవరకు బెంగాలు మీదుగా చుట్టి పోవలసిన ప్రయాణం కొండలు దాటి నేరుగా పోయే ప్రయాణమయింది. 1933లో విశాఖపట్నం రేవు తెరవడంతో ఆ మార్గం ప్రాముఖ్యం ఇంకా పెరిగింది. ఉత్తరాంధ్ర పల్లెలలో ‘బి.ఎన్.ఆర్.’ అన్న మూడక్షరాలు ఉద్యోగానికి మారుపేరయ్యాయి.

ఒకే మేత్రాసనపు బిడ్డలు

ఇక్కడ ఒక చారిత్రక సత్యం గమనింపదగినది. రైలు కలుపకముందే విశాఖపట్నాన్ని, మధ్యపరగణాలను కతోలిక శ్రీసభ ఒకే పాలనలో ఉంచింది. ఫ్రాన్సులోని ఆన్సీ నగరం నుండి బయలుదేరిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1847లో అక్కడ పునీత అలోషియస్ పేర పాఠశాల మొదలైంది. 1849లో ఆన్సీ నుండి పునీత జోజప్ప సభ కన్యలు యానాం వచ్చారు. 1850లో విశాఖపట్నం ప్రత్యేక అపోస్తలిక మండలం అయింది. నేరే మేత్రాణులు దానికి తొలి అధిపతి. ఆ మండలం తీరాన్ని దాటి ఒరిస్సాకు, నాగ్‌పూర్ పరిసరాలకు విస్తరించింది. కాంప్టీ దండులోని ఐరిష్ సిపాయిలకూ, దక్షిణాది నుండి సేనల వెంట వెళ్ళిన దేశీయ కతోలికులకూ విశాఖపట్నం నుండి వెళ్ళిన గురువులే దిక్కు.

1886లో విశాఖపట్నం మేత్రాసనం అయింది. ఆ మరుసటి ఏడు, 1887లో, నాగ్‌పూరును వేరుచేసి ప్రత్యేక మేత్రాసనంగా ఏర్పరచారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడినదీ ఆ ఏడే. శ్రీసభ పరిపాలనలో తీరం, పీఠభూమి విడిపోయిన సంవత్సరంలోనే రైలు వాటిని కలిపే పనికి పూనుకొన్నది. కనుక విశాఖ నుండి వచ్చిన తెలుగు కతోలికునికి బిలాస్‌పూర్ ప్రాంతపు గురువు పూర్తిగా పరాయివాడు కాడు. ఇద్దరి వెనుకా ఉన్నది ఆన్సీ సభ సంప్రదాయమే.

బిలాస్‌పూర్ ప్రాంతంలో క్రైస్తవం అంతకుముందే వేరే రూపాలలో ఉంది. 1868లో ఆస్కర్ లోర్ బిశ్రాంపూరులో సతనామీల నడుమ ప్రొటెస్టంటు మిషను స్థాపించాడు. 1885లో అమెరికా నుండి వచ్చిన డిసైపుల్స్ సంఘం వారు బిలాస్‌పూరులో పని మొదలుపెట్టారు. వారి బర్జెస్ పాఠశాల, జాక్‌మన్ ఆసుపత్రి పట్టణ చరిత్రలో భాగాలయ్యాయి. తూర్పున ఛోటానాగ్‌పూరులో 1885లోనే కాన్‌స్టంట్ లీవెన్స్ అనే జెసూయిట్ గురువు ఆదివాసుల భూమి హక్కుల కోసం కచేరీలలో వాదిస్తూ, వేలాదిమందిని కతోలిక విశ్వాసంలోకి తెచ్చాడు. రైల్వే పట్టణాలలోని కతోలిక సంఘాలు ఈ పలువైపుల ప్రవాహాల కూడలులు: ఆంగ్లో ఇండియను డ్రైవరు, తమిళ ఫిట్టరు, తెలుగు గార్డు, ఉరావ్ గ్యాంగు మనిషి ఒకే దేవాలయంలో మోకరిల్లారు. తెలుగు క్రైస్తవులలో కూడ కతోలికులు కొద్దిమందే. ఉత్తర కోస్తాలో కెనడియను బాప్టిస్టుల పని విస్తృతం కావడమే అందుకు కారణం. ఇంటి బయట నలుగురు తెలుగువారు కలిసినప్పుడు వారిలో తన మతస్థుడు ఒకడు ఉండటం కష్టం. గుడిలో కలిసిన నలుగురిలో తన భాషవాడు ఒకడు ఉండటమూ కష్టమే. ఈ రెండు ఒంటరితనాల నడుమ తెలుగు కతోలిక కుటుంబం తన బ్రతుకును మలచుకొన్నది.

ఆదివారం లేని ఉద్యోగం

నాగ్‌పూర్ – అసన్‌సోల్ మార్గం పూర్తి అయిన 1891లోనే, మే 15న, పోపు పదమూడవ లియో కార్మికుల స్థితిగతులపై ‘రేరుమ్ నోవారుమ్’ లేఖ వెలువరించారు. శ్రమజీవికి కనీస జీవనానికి చాలిన వేతనం ఉండాలనీ, ఆదివారాలలో, పండుగలలో విశ్రాంతి ఉండాలనీ ఆ లేఖ చెప్పింది. 1931లో పదకొండవ పయస్ ‘క్వాద్రాజేసిమో ఆన్నో’ లేఖలో ఆ వేతనం కుటుంబ పోషణకు చాలినంత ఉండాలని మరింత స్పష్టపరచారు. కాని రైలుకు ఆదివారం లేదు. గూడ్సుబండికి క్రిస్మస్ లేదు, తపస్సు కాలం లేదు. కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టినప్పుడు గార్డు లేచిపోవలసిందే. ఇంట్లో బిడ్డ జ్ఞానస్నానమైనా, పెండ్లిరోజైనా బండి ఆగదు.

అందులోని కష్టం ఎంతటిదో నేటివారికి తెలియాలంటే నాటి శ్రీసభ నియమాలు గుర్తుచేసుకోవాలి. 1953 వరకు దివ్య సత్ప్రసాదం స్వీకరించేవారు ముందురోజు అర్ధరాత్రి నుండి మంచినీరైనా ముట్టరాదు. పూజ ఉదయం వేళనే జరగాలి. రాత్రి రెండు గంటలకు ఏ చిన్న స్టేషనులోనో చలికి ఒక గ్లాసు టీ త్రాగిన ఫైర్‌మన్, తెల్లవారి బిలాస్‌పూరు చేరి పూజకు పోగలిగినా సత్ప్రసాదానికి అర్హుడు కాడు. బొగ్గు పొయ్యి ముందు రాత్రంతా పనిచేసేవాడు నీరు త్రాగకుండా ఉండలేడు. అతని విశ్వాసంలో లోపం లేదు. అతని డ్యూటీలో ఉన్నది ఆటంకం. 1953లో పన్నెండవ పయస్ నీరు ఉపవాసభంగం కాదని ప్రకటించి, సాయంకాల పూజకు పరిమితంగా అనుమతి ఇచ్చారు. 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకు, 1964లో ఆరవ పౌలు ఒక గంటకు తగ్గించారు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం శనివారం సాయంకాల పూజతో కూడ ఆదివారపు విధి నెరవేరుతుందని స్థిరపరచింది. వేదాంత చరిత్రలో ఇవి చిన్న సవరణలుగా కనిపించవచ్చు. షిఫ్టు పనివాని ఇంటికి మాత్రం ఇవి పెద్ద మార్పులు. భార్యాబిడ్డలతో కలసి ఒకే బల్లమీద కూర్చుని పూజ చూడడం అతనికి అప్పటినుండే తరచుగా సాధ్యమయింది.

శ్రీసభ ఒకవైపు సడలిస్తుండగా, చట్టం మరొకవైపు పనిగంటలను కుదిస్తూ వచ్చింది. 1930 నాటి రైల్వే సవరణ చట్టం ఎడతెగని పనివారికి వారానికి 60 గంటలు, నడుమ విరామం దొరికే పనివారికి 84 గంటలు పరిమితి విధించింది. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు వారాంతపు విశ్రాంతిని, పనిగంటలను మరింత క్రమబద్ధం చేసింది. ఈ పోరాటంలో తెలుగువారి పాత్ర స్మరణీయం. 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెకు వి.వి. గిరి నాయకత్వం వహించారు. 1973లో ఇంజను సిబ్బంది డ్యూటీని పది గంటలకు పరిమితం చేయడానికి ప్రభుత్వం అంగీకరించింది. ఎనిమిది గంటల పని ప్రధానమైన కోరికలలో ఒకటిగా 1974 మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. దాని నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్ కౌమారంలో బెంగుళూరు గురువిద్యాలయంలో గురుపట్టం కోసం చదివినవాడు. ఆ సమయంలో రాష్ట్రపతి పీఠంపై ఉన్నది వి.వి. గిరి. ఆ ఇరవై రోజులలో దేశమంతటా వేలాదిమంది అరెస్టయ్యారు. అనేక చోట్ల సమ్మెలో ఉన్నవారి కుటుంబాలను క్వార్టర్ల నుండి ఖాళీ చేయించారు. ఉద్యోగంతోబాటు ఇల్లు కూడ యజమానిదే అయినప్పుడు కుటుంబ భద్రత ఎంత పలుచనిదో ఆ మే నెల తెలియజేసింది.

ఇంటిలోని శ్రీసభ

తండ్రి లైనుమీద ఉన్న రాత్రి ఇంట్లో ప్రార్థన నడిపించేది ఎవరు? రైల్వే కాలనీలలోని కతోలిక కుటుంబాల ధార్మిక జీవితానికి ఇరుసు తల్లి. గోడన తిరుహృదయ పటం, దాని క్రింద చిన్న దీపం, జపమాల. సాయంకాలం పొయ్యి దించిన తరువాత పిల్లలను కూర్చోబెట్టి పరలోక జపం, మంగళవార్త జపం చెప్పించడం ఆమె వంతు. గురువు దూరంగా ఉన్న చిన్న స్టేషన్లలో ఆమె బాధ్యత ఇంకా పెద్దది. ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు గురువు లేనిచోట ఎవరైనా నీరు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చునని శ్రీసభ ఆదినుండీ చెబుతూనే ఉంది. మంత్రసానికి, తల్లికి, పొరుగింటి పెద్దామెకు ఆ మాటలు నేర్పి ఉంచడం మిషను గురువుల ఆనవాయితీ.

1964లో రెండవ వాటికను మహాసభ శ్రీసభను గురించిన తన ప్రధాన పత్రంలో కుటుంబాన్ని ‘గృహ శ్రీసభ’ అని పేర్కొన్నది. తలిదండ్రులే తమ బిడ్డలకు మాటచేతను, మాదిరిచేతను తొలి విశ్వాస ప్రచారకులు కావాలని చెప్పింది. రైల్వే క్వార్టర్లకు ఈ మాట కొత్త కాదు. అవసరం అక్కడి తల్లులకు దానిని అంతకుముందే నేర్పింది. 1981లో రెండవ జాన్ పాల్ ‘ఫమిలియారిస్ కొన్సోర్సియో’ లేఖలో, పొట్టకూటికై వలసపోయిన కుటుంబాలను, సైనికులు, నావికులు, నిత్యసంచారుల వలె దీర్ఘకాలం ఇంటికి దూరంగా ఉండవలసినవారి కుటుంబాలను ప్రత్యేక శ్రద్ధతో చూడవలసినవారిగా పేర్కొన్నారు. గూడ్సు గార్డు భార్య తన బ్రతుకును ఆ వాక్యాలలో గుర్తుపట్టగలదు.

అయితే ఇదే మహాసభ నిర్ణయాలలో ఒకటి ప్రవాస తెలుగు కుటుంబానికి విచిత్రమైన చిక్కు తెచ్చిపెట్టింది. అది భాషకు సంబంధించినది.

తెలుగులో కతోలిక వాఙ్మయం చిన్నది కాదు. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో పుదుచ్చేరి నుండి వచ్చిన కర్ణాటక మిషను జెసూయిట్లు రాయలసీమ పల్లెలలో తెలుగు నేర్చి, తెలుగులో గ్రంథాలు వ్రాశారు. ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ‘వేదాంత రసాయనము’ అనే ప్రబంధంగా రచించాడు. శ్రీసభ, మేత్రాణులు, విచారణ, సత్ప్రసాదము, అవస్థాభ్యంగనము, దేవద్రవ్యానుమానములు అనే మాటలు తెలుగు కతోలికుల నోట మూడు తరాలుగా నలిగినవి. ఆ భాష ఇంటి ప్రార్థనలో బ్రతికింది. గుడిలో పూజ మాత్రం ప్రపంచమంతటా లత్తీను.

లత్తీను ఎవరికీ అర్థం కాదు. కాని ఎవరికీ పరాయిదీ కాదు. విశాఖపట్నంలో విన్న పూజనే తెలుగు గార్డు బిలాస్‌పూరులోనూ వినేవాడు. ఎక్కడికి బదిలీ అయినా గుడిలో అడుగుపెడితే సొంత ఊరిలో ఉన్నట్టే. గుడిలో లత్తీను, ఇంట్లో తెలుగు, పనిలో ఇంగ్లీషు, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ అని నాలుగు గదులుగా అతని భాషాజీవితం అమరింది. 1963 డిసెంబరు 4న మహాసభ ఆరాధన సంస్కరణ పత్రాన్ని ఆమోదించింది. దేశభాషలకు పూజలో చోటు లభించింది. గుంటూరులో, విజయవాడలో, విశాఖలో అది పండుగ. దేవుని సన్నిధిలో తొలిసారిగా తమ భాష ధ్వనించింది. హిందీ ప్రాంతంలో అదే సంస్కరణ హిందీ పూజను తెచ్చింది. ఇది న్యాయమే. ఆ నేల భాష అదే. ఆదివాసి, తమిళ, తెలుగు, మలయాళ కుటుంబాలన్నింటికీ ఉమ్మడిగా అర్థమయ్యేదీ అదే. కాని తెలుగు కుటుంబానికి దాని ఫలితం మరొక తీరుగా పరిణమించింది. అంతవరకు పిల్లవానికి దేవునితో మాట్లాడే భాష తెలుగు ఒక్కటే. ఇప్పుడు హిందీలో కూడ దేవునితో మాట్లాడవచ్చునని, పైగా గుడిలో అందరూ అట్లే మాట్లాడతారని వాడు తెలుసుకొన్నాడు. ధర్మోపదేశం హిందీలో, పాటలు హిందీలో నేర్చిన తరం ఇంటికి వచ్చి తల్లి జపానికి హిందీలో బదులు చెప్పడం సహజ పరిణామం. మాతృభాషకు గౌరవం ఇవ్వడానికి పుట్టిన సంస్కరణ, వలసపోయినవారి మాతృభాషకు ఉన్న చివరి ఆసరాను మెల్లగా సడలించింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పిల్లలు విశ్వాసం నిలుపుకొంటే చాలునని కొందరు తలిదండ్రులు సమాధానపడ్డారు. భాష పోయిన తరువాత అమ్మమ్మ చెప్పిన జపం మనుమరాలికి శబ్దంగానే మిగులుతుందని మరికొందరు బాధపడ్డారు. రెండు మాటలలోనూ సత్యం ఉంది.

పెండ్లి, పుస్తకం, చట్టం

కదిలిపోయే జనాన్ని శ్రీసభ ఎట్లా గుర్తుంచుకొన్నది? దానికి సాధనం విచారణ రిజిస్టరు. 1907లో వెలువడి 1908 ఈస్టరు నుండి అమలైన ‘నె తెమెరె’ శాసనం కతోలిక వివాహాలకు ఒక క్రమం ఏర్పరచింది. విచారణ గురువు, ఇద్దరు సాక్షుల ఎదుట జరిగినదే వివాహం. గురువు నెల రోజులపాటు లభించని చోట ఇద్దరు సాక్షుల ఎదుటనే వధూవరులు సమ్మతి తెలుపవచ్చు. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి: పెండ్లి ఎక్కడ జరిగినా, ఆ సంగతిని జ్ఞానస్నానం పొందిన విచారణకు తెలియజేసి, అక్కడి జ్ఞానస్నాన పుస్తకంలో ఆ పేరు ప్రక్కన వ్రాయించాలి. విశాఖలో జ్ఞానస్నానం పొందినవాడు బిలాస్‌పూరులో పెండ్లాడితే, బిలాస్‌పూరు గురువు వ్రాసిన జాబు విశాఖ చేరుతుంది. లత్తీను అక్షరాలలో వ్రాసిన పాత పేరు ప్రక్కన కొత్త పంక్తి చేరుతుంది. దూరదేశంలో మొదటి భార్యను దాచి రెండవ పెండ్లి చేసుకొనేవారి నుండి స్త్రీని కాపాడడం ఈ ఏర్పాటు ప్రయోజనాలలో ఒకటి. తెలియకుండానే అది ఒక కుటుంబ చరిత్ర గ్రంథం కూడ అయింది. 1969లో జనన మరణాల నమోదు చట్టం రాకముందు, వయస్సు నిర్ధారణకు జ్ఞానస్నాన పత్రం కతోలిక ఉద్యోగులకు ఆధారంగా ఉండేది.

ప్రభుత్వ చట్టం మాత్రం స్త్రీపట్ల అంత సమంగా లేదు. క్రైస్తవ వివాహాలకు 1872 చట్టం, విడాకులకు 1869 చట్టం వర్తించేవి. 1869 చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలిన కారణం. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోబాటు క్రూరత్వమో, పరిత్యాగమో కూడ నిరూపించవలసి ఉండేది. 130 ఏళ్ళ తరువాత, 2001 సవరణ ఈ అసమానతను తొలగించి, పరస్పర అంగీకారంతో విడిపోయే అవకాశాన్నీ కల్పించింది. కతోలిక ధర్మం విడాకులను అంగీకరించదు. అయినా చట్టం ముందు భార్యకు భర్తతో సమాన స్థానం ఉండడం వేరే విషయం. ఈ రెంటినీ వేరుచేసి చూడడం చదువుకొన్న కతోలిక స్త్రీలకు ఈ కాలంలో అలవడింది.

రైల్వే కూడ కుటుంబానికి తనదైన నిర్వచనం ఇచ్చింది. 1986 నాటి పాస్ నియమావళి ఎవరు ‘కుటుంబం’లోకి వస్తారో లెక్కకట్టి చెబుతుంది: భార్య లేక భర్త, నిర్ణీత వయస్సులోపు కుమారులు, పెండ్లికాని కుమార్తెలు, కొన్ని షరతులతో ఆశ్రితులు. ఉమ్మడి కుటుంబపు బాబాయి, మేనత్త ఆ జాబితాలో లేరు. విజయనగరం పోయే బండిలో ఎవరు పాసుమీద, ఎవరు టిక్కెట్టుమీద ఎక్కుతారన్న చిన్న విషయమే తెలుగు ఇంటికి చిన్న కుటుంబపు కొత్త సరిహద్దులు నేర్పింది. గుణదల మాత ఉత్సవం ఫిబ్రవరి 11న ముగుస్తుంది. పాసు, సెలవు రెండూ కలిసి వచ్చిన సంవత్సరమే కుటుంబమంతా అక్కడికి చేరగలుగుతుంది.

అంతకంటె లోతైన సంఘర్షణ సంతాన విషయంలో వచ్చింది. భారత ప్రభుత్వం 1952లోనే కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. 1968 జూలై 25 తేదీతో ఆరవ పౌలు ‘హుమానే వితే’ లేఖ వెలువరించి, కృత్రిమ గర్భనిరోధాన్ని శ్రీసభ అంగీకరింపజాలదని చెప్పారు. ప్రభుత్వోద్యోగి అయిన కతోలికుడు రెండు ఆదేశాల నడుమ నిలిచాడు. ఎర్ర త్రికోణం గుర్తు ఆసుపత్రి గోడమీద, పోపు మాట గుడి వేదికమీద. 1976లో అత్యవసర పరిస్థితి కాలంలో శస్త్రచికిత్సల లక్ష్యాలను ఉద్యోగులపై మోపినప్పుడు ఈ సంఘర్షణ తీవ్రమయింది. ఆ ఒత్తిడులను తరువాత షా కమిషను నమోదుచేసింది. మతం ఏదైనా, దంపతుల అంతఃకరణలోకి బలవంతం ప్రవేశించరాదన్న పాఠం ఆ కాలం దేశానికి నేర్పింది. కతోలిక కుటుంబాలలో ఆ ప్రశ్నకు ఒక్కొక్క జంట ఒక్కొక్క తీరుగా, సాధారణంగా మౌనంగానే, సమాధానం చెప్పుకొన్నది.

మారిన పట్టణం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1944 అక్టోబరు 1న ప్రభుత్వపరమై, 1952లో తూర్పు రైల్వేలో, 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమయింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి, హైకోర్టు బిలాస్‌పూరులో నెలకొన్నది. 2003 ఏప్రిల్ 1న ఆగ్నేయ మధ్య రైల్వే మండలానికి బిలాస్‌పూరు కేంద్రమయింది. కోర్బా బొగ్గును మోసే ఈ ప్రాంతం సరకు రవాణాలో దేశంలో అగ్రస్థానాలలో నిలిచింది. శ్రీసభ పాలనలోనూ మార్పులు జరిగాయి. రాయపూర్ 1964లో నాగ్‌పూరు నుండి వేరై, 1973లో మేత్రాసనం, 2004లో అగ్రపీఠం అయింది. 2001లో విశాఖపట్నం కూడ అగ్రపీఠమయింది. 1887లో విడిపోయిన తోబుట్టువుల ఇళ్ళు ఇప్పుడు ఎవరి కాపురం వారిదిగా స్థిరపడ్డాయి.

బొగ్గు ఇంజను పోయింది. కాల్‌బాయ్ స్థానంలో ఫోను వచ్చింది. తాతలు తెలుగు మాట్లాడి, తెలుగులో జపించి, హిందీలో బేరమాడారు. మనుమలు హిందీలో జపించి, ఇంగ్లీషులో చదివి, పూణేకో, బెంగుళూరుకో, హైదరాబాదుకో ఉద్యోగాలకు పోతున్నారు. హైదరాబాదు చేరిన మనుమనికి తెలుగు పూజ కొత్తగా ఉంటుంది. తన తాత భాష తనకు గుడిలో ఎదురుపడుతుంది. తెలుగు కోడలు వచ్చే ఇల్లు ఒకటి, ఉరావ్ కోడలు, మలయాళ అల్లుడు వచ్చిన ఇల్లు మరొకటి. విశ్వాసం ఒకటే కావడంతో ఈ వివాహాలు గుడిలో సులభంగానే జరుగుతాయి. పెండ్లి తరువాత ఇంట్లో ఏ భాషలో ప్రార్థించాలన్నది ప్రతి జంటా తేల్చుకోవలసిన విషయం.

2014, 2015లలో రోములో కుటుంబాన్ని గురించి రెండు సమావేశాలు జరిగాయి. వాటి ఫలితంగా 2016లో పోపు ఫ్రాన్సిస్ ‘అమోరిస్ లేతీసియా’ వెలువరించారు. ఏ కుటుంబమూ సంపూర్ణంగా తయారై ఆకాశం నుండి దిగిరాదనీ, ప్రేమించే శక్తిలో అది క్రమంగా ఎదుగుతుందనీ ఆ పత్రం అంతటా కనిపించే భావం. సిద్ధాంతాన్ని మాత్రమే కాక, అలసట, పేదరికం, వలస, పనిగంటలు కుటుంబాన్ని ఎట్లా నలిపివేస్తాయో కూడ ఆ పత్రం పరిగణనలోకి తీసుకొన్నది. రైల్వే పట్టణపు కుటుంబాలు నూరేళ్ళకు పైగా అనుభవించినదీ అదే. వారి విశ్వాసం గురించి ఎవరూ గ్రంథాలు వ్రాయలేదు. డ్యూటీ దిగి వచ్చి నిద్రకళ్ళతో బిడ్డ పక్కన కూర్చుని జపమాల ముగించిన తండ్రి, ఒంటరి రాత్రులలో ఇంటిని నిలబెట్టిన తల్లి ఆ విశ్వాసానికి వ్యాఖ్యాతలు.

ఠాగూర్ కవితలోని భర్త రుక్మిణి కోసం స్టేషనంతా వెదకినప్పుడు ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు. కూలీ కుటుంబం పేరు ఏ పుస్తకంలోనూ లేదు. బిలాస్‌పూరు మీదుగా సాగిపోయిన వేలాది శ్రామిక కుటుంబాలలో అత్యధిక భాగం చరిత్రకు అట్లే దక్కకుండా పోయింది. కతోలిక కుటుంబాలకు మాత్రం ఒక మేలు జరిగింది. విచారణ రిజిస్టర్లలో వారి పేర్లు, తలిదండ్రుల పేర్లు, సాక్షుల పేర్లు, తేదీలు మిగిలాయి. రైల్వే సర్వీసు పుస్తకాలలో మరికొన్ని వివరాలున్నాయి. ఈ రెండు రకాల పుస్తకాలు చెద పట్టకముందే, వాటిలోని మనుషుల వ్యక్తిగత గౌరవానికి భంగం లేకుండా పరిరక్షించి, పరిశోధకులకు అందుబాటులోకి తెస్తే తెలుగువారి వలస చరిత్రలో ఒక అధ్యాయం పూర్తవుతుంది. వాటితోబాటు భద్రపరచవలసినది మరొకటి ఉంది. అది ఆ కుటుంబాలలో వృద్ధురాండ్ర నోట ఇంకా మిగిలి ఉన్న పాత తెలుగు జపాల భాష. రిజిస్టరు మరికొంతకాలం ఆగగలదు. ఆ కంఠాలకు అంత వ్యవధి లేదు.